1,38,000 కిలోమీటర్లు తిరిగిన ఆక్టేవియా ఆర్‌ఎస్ 230, జయపురంలో ఉంది. కొనవచ్చా?

పట్టునూలు · బరంపురం

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదలు. ఒడిశాలోని కొరాపుట్ జిల్లా జయపురంలో ఒక స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 230 అమ్మకానికి ఉందని మా బావమరిది చెప్పాడు. 2017 మోడల్, ఎరుపు రంగు, ఏపీ 31 నంబరు. మీటరు మీద 1,38,000 కిలోమీటర్లు. పన్నెండు లక్షలు అడుగుతున్నారు. మొదట కొన్నది విశాఖపట్నం ఆసామి. ఆయన దగ్గర కొని వాడుతున్నది జయపురం కాంట్రాక్టరు. ఆర్సీ మాత్రం ఇప్పటికీ విశాఖ ఆయన పేరునే ఉంది. "ఫారాల మీద సంతకాలు పెట్టించి ఉంచాను, నీ పేరు రాసుకుంటే సరిపోతుంది" అంటున్నాడు కాంట్రాక్టరు.

ఈ కారు మన దేశానికి వచ్చిందే 500. కొత్తగా ఉన్నప్పుడు షోరూం ధర 24.62 లక్షలు, అప్పుడు కొనే స్తోమత లేదు. ఇంట్లో వాళ్లు అదే డబ్బుతో కొత్త చిన్న ఎస్‌యూవీ తీసుకోమంటున్నారు. నాకు రోజువారీ పని స్కూటరు మీద జరిగిపోతుంది. కారు అవసరమయ్యేది విశాఖకో భువనేశ్వర్‌కో వెళ్లినప్పుడే. ఏమేం చూడాలి, ఎంతకు అడగాలి, అసలు వెళ్లాలా మానాలా చెప్పండి. అమ్మే ఆయన నంబరు కింద పెడుతున్నాను.

నిర్వాహకుడు

ఫోను నంబరు తీసేశాను. నంబర్లు వ్యక్తిగత సందేశాల్లో ఇచ్చుకోండి.

వంశధార · గుణుపురం

వద్దు. టర్బో పెట్రోలు, డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్సు, 1,38,000 కిలోమీటర్లు, మూడో మనిషి పేరున ఆర్సీ. ఈ నాలుగింటిలో ఏ రెండు కలిసినా నేను ఆ గుమ్మం తొక్కను. మీకు నాలుగూ కలిశాయి. బరంపురం నుంచి భువనేశ్వర్ సుమారు 170 కిలోమీటర్లు, విశాఖ ఇంకా దూరం. బండి ఆగిపోతే ఎక్కడికి తీసుకెళ్తారు? మన వైపు మెకానిక్‌లు బొలేరోలను కళ్లు మూసుకుని విప్పి బిగిస్తారు. దీని బానెట్ తెరిస్తే మాత్రం ప్లాస్టిక్ మూత చూసి మళ్లీ మూసేస్తారు.

స్పానర్‌సెట్ · విశాఖపట్నం (సొంతూరు పర్లాకిమిడి)

వంశధార గారు చెప్పిన దూరం సంగతి నిజం. దాన్ని ధరలోంచి తగ్గించుకోవాలి. కిలోమీటర్లను చూసి మాత్రం బెదరక్కర్లేదు. హైవే మీద పద్ధతిగా తిరిగిన లక్షన్నర కంటే, ఊళ్లో ట్రాఫిక్‌లో నలిగి ఏడాదికోసారి కూడా ఆయిల్ మారని అరవై వేలే నన్ను ఎక్కువ భయపెడతాయి. రెండు రకాల బండ్లూ మా షెడ్డుకు వస్తుంటాయి.

గేర్‌బాక్సుతో మొదలుపెడతాను, డబ్బు పోయేది అక్కడే కాబట్టి. ఆర్‌ఎస్ 230లో ఉన్నది ఆరు గేర్ల డీఎస్‌జీ, డీక్యూ250 అంటారు. క్లచ్ ప్లేట్లు ఆయిల్‌లో మునిగి ఉండే రకం. గట్టిదే, కానీ ఆయిల్, ఫిల్టరు ప్రతి 60,000 కిలోమీటర్లకు మార్చాలి. ఈ లెక్కన మీరు చూస్తున్న బండికి రెండుసార్లు జరిగి ఉండాలి. రెండు బిల్లులూ అడగండి. "మార్పించాను, బిల్లు ఎక్కడో ఉంది" అంటే మార్చలేదనే లెక్క వేసుకోండి.

ఇంకొకటి. ఈ ఇంజిన్ 230 హార్స్‌పవర్, 350 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. ఆ గేర్‌బాక్సు తట్టుకునేదీ దాదాపు అంతే. ఎవరైనా రీమ్యాప్ చేయించి, అంటే ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్పించి, టార్క్ 400 దాటిస్తే ఆ భారమంతా మోసేవి క్లచ్‌లు. అమ్మే ముందు మళ్లీ కంపెనీ సాఫ్ట్‌వేర్ ఎక్కించేస్తారు. అందుకే "రీమ్యాప్ చేయించారా" అని అడగకండి, "లేదు" అనేస్తారు. "ఏ స్టేజి చేయించారు" అని మామూలుగా అడగండి, రీమ్యాప్ స్థాయిని స్టేజి అంటారు. చాలామంది గర్వంగా చెప్పేస్తారు.

ఇక ఇంజిన్. రాత్రంతా ఆగి ఉన్న బండినే స్టార్ట్ చేయాలి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి, వెచ్చగా ఉంటే టీ తాగి రండి, లేదా మర్నాడు రండి. చల్లటి ఇంజిన్ అంటుకున్న తొలి క్షణాల్లో టైమింగ్ చైన్ వైపు నుంచి గలగల వినిపించకూడదు. ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి చూడండి. కాస్త పీల్చినట్టు ఉండడం సహజం. మూత ఊడి రానంత గట్టిగా పీలుస్తూ ఈల లాంటి చప్పుడు వస్తే పీసీవీ వాల్వు (ఇంజిన్ లోపలి ఆవిర్లను మళ్లీ పీల్చుకునేది) లోపలి పొర చిరిగింది. అది పెద్ద ఖర్చు కాదు కానీ బేరానికి పనికొస్తుంది.

వాటర్ పంపు, థర్మోస్టాట్ కలిసి ఉండే ప్లాస్టిక్ భాగం ఈ తరం ఇంజిన్లలో కారడం అందరికీ తెలిసిన బలహీనత. టార్చి వేసి ఇంజిన్, గేర్‌బాక్సు కలిసే చోట చూడండి. కూలెంట్ గులాబీ రంగులో ఉంటుంది, ఆరితే అదే రంగు పొక్కులా కడుతుంది. బండి ఆపి దిగాక తియ్యటి వాసన వచ్చినా అదే కథ. కూలెంట్ డబ్బాలో అంచు దాకా నింపి ఉందంటే ఈ మధ్యే ఎవరో పోశారన్నమాట.

సైలెన్సరు చివర నల్ల మసి ఉంటే కంగారుపడవద్దు, నేరుగా సిలిండర్‌లోకి పెట్రోలు చిమ్మే టర్బోలకు అది మామూలే. నీలం పొగ వస్తే మాత్రం మాటలు అక్కడితో ఆపేయండి.

పట్టునూలు · బరంపురం

ఇంత వివరంగా రాసినందుకు ధన్యవాదాలు అన్నా. మీటరు తిప్పి ఉంటారేమో అని కూడా అనుమానం. అది పట్టుకోవడం ఎలా?

స్పానర్‌సెట్ · విశాఖపట్నం

స్కానర్ పెట్టాలి. సంతలో దొరికే చవక రకం కాదు, ఈ కంపెనీ బండ్ల అన్ని మాడ్యూళ్లనూ (బండిలోని చిన్న కంప్యూటర్లనూ) చదవగలిగేది. వీటిలో ఏదైనా లోపం నమోదైనప్పుడు అది ఎన్ని కిలోమీటర్ల దగ్గర వచ్చిందో కూడా పక్కనే రాసి ఉంటుంది. డాష్‌బోర్డు 1,38,000 చూపిస్తూ, ఏబీఎస్ లోపం ఒకటి 1,60,000 దగ్గర నమోదైందంటే ఇంక చెప్పేదేముంది. డాష్‌బోర్డు అంకె మార్చేవారు మిగతా మాడ్యూళ్ల జోలికి వెళ్లరు, చాలామందికి ఆ సంగతే తెలియదు. లోపాలన్నీ ముందే తుడిచేసి ఉంటే అదీ అనుమానించాల్సిందే. ఇంత తిరిగిన బండిలో ఒక్క పాత లోపమూ లేకపోవడం నమ్మేలా ఉండదు.

కంటితో చూసేవి కూడా ఉన్నాయి. ఆర్‌ఎస్ సీట్లకు పక్కన ఎత్తుగా దిమ్మెలు ఉంటాయి. డ్రైవరు ఎక్కి దిగే వైపు దిమ్మె నలుగుతుంది. స్టీరింగ్ మీద అరచేతి చోటు, బ్రేకు పెడల్ రబ్బరు చూడండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. అద్దాల మీద కూడా తయారీ గుర్తులుంటాయి. అన్నీ ఒక కాలానివై ఒక్కటే కొత్తదైతే ఎందుకు మార్చారో అడగండి.

వంశధార · గుణుపురం

వరద సంగతి ఎవరూ ఎత్తలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి, శ్రీకాకుళం జిల్లాల్లో ఎన్ని బండ్లు నీళ్లలో నిలిచాయో మన వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఆరబెట్టి, సెంటు కొట్టి అమ్మేసినవి ఎటు వెళ్లాయో ఎవరికీ తెలియదు. సీటు బెల్టు చివరి దాకా లాగి చూడండి, ఎవరూ కడగని చోటు అదే. స్టెప్నీ కింద గుంట, కార్పెట్ అడుగు, సీటు పట్టాల బోల్టుల తుప్పు చూడండి. విశాఖలో బండి సముద్రం వైపు ఉండేదా అని కూడా అడగండి. ఉప్పుగాలి అడుగుభాగాన్ని నెమ్మదిగా తినేస్తుంది.

ఆర్సీబుక్కు · రాయగడ

ఇంజిన్ గొడవ మీరు చూసుకోండి. నన్ను కలవరపెడుతున్నది ఆ "నీ పేరు రాసుకుంటే సరిపోతుంది" అన్న మాట. సరిపోదు.

మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం కొన్నవారు 30 రోజుల్లోగా బదిలీ సంగతి ఆర్టీవోకు తెలియజేయాలి. 47వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని ఇంకో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచుకుంటే అక్కడి నంబరు తీసుకోవాలి. ఆ కాంట్రాక్టరు రెండూ చేయలేదు. ఆ చట్టం దృష్టిలో ఆయన ఆ కారు యజమాని కాడు, పేరు మార్పుకు సంతకం చేయాల్సింది విశాఖ ఆయనే. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది: ఆర్సీలో పేరున్నవారే యజమాని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యతా వారిదే. బండి చేతులు మారి ఎంత కాలమైనా సరే. విశాఖ ఆయనకు ఈ సంగతి తెలిస్తే రాత్రి నిద్రపట్టదు. మీకు బేరంలో అదే బలం, ఆయన తొందరగా సహకరిస్తారు.

జరగాల్సిన వరస ఇది. విశాఖ ఆర్టీవోలో 28వ ఫారంతో ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీయాలి. దానికి చాసిస్ నంబరు పెన్సిల్ అచ్చు కావాలి, అది బండి మీద నుంచే తీయాలి. చలాన్లు బాకీ ఉంటే ఎన్‌వోసీ రాదు, అవి ముందు ప్రభుత్వ పరివాహన్ వెబ్‌సైటులో చూసుకోండి. ఆర్సీలో బ్యాంకు పేరు ఇంకా కనిపిస్తుంటే అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే లేఖ, 35వ ఫారం కావాలి. తర్వాత మీ బరంపురం ఆర్టీవోలో 29, 30 ఫారాలతో బదిలీ, 27వ ఫారంతో ఓడీ 07 నంబరు. అప్పుడు ఒడిశా పన్ను కట్టాలి. ఆంధ్రలో కట్టిన జీవితకాలపు పన్నులో మిగిలిన భాగం వాపసు అడగవచ్చు, అది వెళ్లేది ఆర్సీలో పేరున్నవారికి. ఎవరిది అన్నది ముందే మాట్లాడుకోకపోతే చివర్లో పేచీ వస్తుంది.

కాంట్రాక్టరు చేతిలో ఉన్న ఆ సంతకాల కాగితాలతో ఏం చేస్తారంటారా, ఏమీ చేయలేరు. ఇప్పుడు మొదటి యజమాని ఫోనుకు ఓటీపీ వస్తేగానీ పని కదలదు.

బల్లార్షా_రోడ్డు · చంద్రపూర్ జిల్లా

మధ్యలో దూరుతున్నందుకు మన్నించండి. నాకు హైదరాబాద్‌లో ఆక్టేవియా 1.8 టీఎస్‌ఐ కనిపించింది, 62,000 కిలోమీటర్లే తిరిగింది, ధర కూడా ఈ ఆర్‌ఎస్ కంటే బాగా తక్కువ. అదీ డీఎస్‌జీనే కదా, ఒకటే లెక్కా? మాకూ ఇదే తంటా, టీఎస్ నంబరును ఎంహెచ్ 34 చేయించుకోవాలి.

స్పానర్‌సెట్ · విశాఖపట్నం

ఒకటి కాదు. 1.8లో ఉన్నది ఏడు గేర్ల డీక్యూ200, పొడి క్లచ్. అది తట్టుకునే టార్క్ 250, అందుకే మన దేశంలో ఆ ఇంజిన్‌ను 180 హార్స్‌పవర్ ఇచ్చినా టార్క్ 250 దగ్గరే ఆపారు. హైదరాబాద్ ట్రాఫిక్‌లో గజం గజం కదిలిన బండి అయితే పొడి క్లచ్ ఆ 62,000లో ఎంత అరిగి ఉంటుందో ఊహించుకోండి. మొదటి రెండు గేర్లలో వణుకు ఉందేమో, రివర్స్‌లో ఎత్తు ఎక్కేటప్పుడు తడబడుతుందేమో చూడండి. ఆక్టేవియాలో మాన్యువల్ దొరికితే అన్నీ వదిలేసి అది కొనండి, నన్నడిగితే.

కొరాపుట్_కొండలు · కొరాపుట్

తమ్ముడూ, ఆ ఎర్ర బండిని నేను రోడ్డు మీద చూస్తూనే ఉంటాను. కాంట్రాక్టరు గారు నడపడం కాస్త జోరే, కానీ గుంతలు చూసి నడిపే మనిషి. మీరు జయపురం వచ్చే రోజు ముందే చెప్పండి, నేనూ వస్తాను.

ఊళ్లో నాలుగు వీధులు తిప్పి ఇచ్చేస్తానంటే ఒప్పుకోకండి. జయపురం నుంచి కొరాపుట్ వచ్చే ఘాట్ ఎక్కించాలి. ఎక్కేటప్పుడు మలుపు దాటాక ఒక్కసారి పెడల్ తొక్కితే టర్బో ఎలా అందుకుంటుందో, గేరు ఎంత సాఫీగా దిగుతుందో తెలుస్తుంది. దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కాక స్టీరింగ్ అదిరితే డిస్కులు వంకరపోయినట్టు. పాత సర్పంచ్‌గారి బుల్లెట్‌లా కొన్ని బండ్లు చల్లగా ఉన్నంతసేపూ బుద్ధిగా ఉంటాయి, వేడెక్కాకే అసలు రూపం బయటపడుతుంది. కాబట్టి పైకి వచ్చాక ఆపకుండా వెంటనే నెమ్మదిగా, కాలు తీసి, నడక వేగంతో పోనివ్వండి. రెండో గేరు నుంచి ఒకటికి దిగేటప్పుడు టక్కుమంటే అది గేర్‌బాక్సు జబ్బు, ఇక్కడ ఇంకా ఎవరూ చెప్పలేదు.

సంగీతం ఆపించడం మరవకండి. అమ్మేవారు అందరూ టెస్టు డ్రైవ్‌లో పాటలు పెడతారు.

వంశధార · గుణుపురం

పెట్రోలు? మామూలు పంపుల్లో చాలాకాలం దొరికింది 91 ఆక్టేన్. ఇలాంటి ఇంజిన్‌కు 95 పోయాలి. ఇన్నాళ్లూ ఈ బండికి అదే పోసి ఉంటారా?

కొరాపుట్_కొండలు · కొరాపుట్

91 పోసినా ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు) సర్దుకుంటుంది, కాస్త ఊపు తగ్గుతుంది, అంతే. మీరు ఆయనను ఎలాగైనా ఆపాలనే పట్టుదలతో ఉన్నారు.

వంశధార · గుణుపురం

ఉన్నాను. దాచుకోవడం లేదు.

పట్టునూలు · బరంపురం

వెళ్లి చూసి వచ్చాను. కొండలు అన్న ఉదయమే జయపురం వచ్చి కలిశారు. ఆయనకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

వెళ్లేసరికి బానెట్ కాలుతోంది. "కడిగించడానికి తీసుకెళ్లాను" అన్నారు కాంట్రాక్టరు గారు. సాయంత్రం దాకా ముట్టుకోవద్దని చెప్పి మేము భోజనానికి వెళ్లిపోయాం. చల్లబడ్డాక స్టార్ట్ చేస్తే చైన్ చప్పుడు ఏమీ లేదు, పొగ లేదు, ఆయిల్ మూత మామూలుగానే వచ్చింది. గులాబీ పొక్కు మాత్రం ఉంది స్పానర్ అన్నా, మీరు చెప్పిన చోటే, వేలితో గీస్తే రాలింది.

స్కానర్ ఉన్న కుర్రాడిని కొండలు అన్న పిలిపించారు. పాత మిస్‌ఫైర్ లోపం ఒకటి 1,12,000 దగ్గర ఉంది, ఏబీఎస్ సెన్సరుది ఇంకొకటి 96,000 దగ్గర. మీటరును దాటిన అంకె ఎక్కడా లేదు. గేర్‌బాక్సు ఆయిల్ మొదటిసారి 61,000 దగ్గర అధీకృత కేంద్రంలో మార్చిన బిల్లు చూపించారు. రెండోది 1,24,000 దగ్గర బయటి షెడ్డులో, బిల్లులో ఆయిల్ ఉంది కానీ ఫిల్టరు లేదు. "ఏ స్టేజి" అని అడిగాను. "స్టేజి వన్ ఒక ఏడాది ఉంచాను, మైలేజీ రావడం లేదని తీయించేశాను" అన్నారు, అడగ్గానే.

ఘాట్ మీద బండి గురించి ఏం చెప్పను, పక్క సీట్లో కొండలు అన్న మాట్లాడడం మానేశారు. పైకి వచ్చాక నడక వేగంలో రెండు నుంచి ఒకటికి దిగేటప్పుడు సన్నగా ఒక దెబ్బ, అదీ రెండుసార్లకు ఒకసారి. బ్రేకులు బాగున్నాయి. ఎడమ ముందు తలుపు రంగు వేసినది. వెనక టైర్లు 2018 నాటివి. సీటు బెల్టులు శుభ్రం. ఆర్సీలో బ్యాంకు పేరు ఇంకా అలాగే ఉంది.

స్పానర్‌సెట్ · విశాఖపట్నం

మీటరు నిజమైనది, ఇంజిన్ ఆరోగ్యంగా ఉంది. బేరం ఇక గేర్‌బాక్సు చుట్టూనే. వేడి మీద మాత్రమే, అప్పుడప్పుడు మాత్రమే దెబ్బ వస్తోందంటే ముందు ఆయిల్, ఫిల్టరు మార్చి, స్కానర్‌తో బేసిక్ సెట్టింగ్ (క్లచ్‌లను కొత్తగా సర్దడం) చేయించి చూడాలి. చాలాసార్లు దాంతో పోతుంది. పోకపోతే గేర్లు మార్చే మెకట్రానిక్ యూనిట్ వైపు చూడాలి, అది లక్షల్లో మాట. న్యూట్రల్‌లో ఆపేటప్పుడు గడగడ వినిపించిందా? అది ఫ్లైవీల్.

స్టేజి వన్ ఏడాది ఉందని ఒప్పుకున్నారు కాబట్టి నేనైతే ఆ ప్రమాదాన్ని మీ జేబులోంచి కాకుండా ఆయన ధరలోంచే తీస్తాను. తొమ్మిదిన్నర దగ్గర మొదలుపెట్టండి. పదిన్నర దాటితే లేచి వచ్చేయండి.

పట్టునూలు · బరంపురం

ఫ్లైవీల్ చప్పుడు లేదు. కుర్రాడూ అదే అడిగి విన్నాడు.

ఆర్సీబుక్కు · రాయగడ

బయానా ఇచ్చారా? ఇవ్వకపోతే ఇంకా మంచిది. ఇచ్చినా బ్యాంకు బదిలీ ద్వారానే ఇవ్వండి, ఎవరికి ఇస్తున్నారో కాగితం మీద ముగ్గురూ సంతకం చేయాలి. పూర్తి డబ్బు ఎన్‌వోసీ చేతికి వచ్చాకే. బీమా సంగతి: థర్డ్ పార్టీ భాగం చట్టం ప్రకారం కొన్నవారికి బదిలీ అయినట్టే లెక్క, కానీ 14 రోజుల్లోగా కంపెనీకి రాయాలి. నో క్లెయిమ్ బోనస్ మనిషిది, బండిది కాదు. పాత క్లెయిములు కూడా అడగండి, ఆ ఎడమ తలుపు కథ అందులో ఉంటుంది.

పట్టునూలు · బరంపురం

తలుపు కథ తెలిసింది. విశాఖలో పార్కింగ్‌లో ఎవరో రాసుకుపోయారట, క్లెయిము చిన్నదే, తేదీ సరిపోయింది.

బేరం 10.2 దగ్గర కుదిరింది. విశాఖ ఆయనతో ఫోనులో మాట్లాడాను. సుప్రీంకోర్టు కేసు సంగతి చెప్పగానే, ఆర్సీబుక్కు గారు అన్నట్టే, వచ్చే వారమే ఆర్టీవోకు వస్తానన్నారు. ఒక్కటే షరతు, పన్ను వాపసు తనకే రావాలట. ఒప్పుకున్నాను, దానికోసం నెలలు సాగదీయడం నాకు ఇష్టం లేదు. బ్యాంకు లేఖ ఆయన దగ్గర సిద్ధంగానే ఉంది, 35వ ఫారం మాత్రం ఎప్పుడూ ఇవ్వలేదట.

స్పానర్ అన్నా, చాసిస్ అచ్చు కోసం బండి ఎలాగూ విశాఖ వస్తుంది. ఆ వాటర్ పంపు అక్కడే చేయించనా, బరంపురం తెచ్చుకున్నాక చూసుకోనా?

వంశధార · గుణుపురం

నా అభిప్రాయం మారలేదు. కానీ సుంకి ఘాట్ మీదుగా తెచ్చేటప్పుడు కూలెంట్ ఒక డబ్బా డిక్కీలో పెట్టుకోండి.

స్పానర్‌సెట్ · విశాఖపట్నం

ఇక్కడే చేయించండి, అయితే బండి మీ పేరున అయ్యే దాకా ఆ ఖర్చు కాంట్రాక్టరు పెట్టాలి, లేదా ధరలోంచి తగ్గాలి. ఆ మాట వాట్సాప్‌లో రాయించుకోండి. పంపు, థర్మోస్టాట్ విడివిడిగా వద్దు, మొత్తం భాగం మార్చాలి. పంపును తిప్పే చిన్న పళ్ల బెల్టు కూడా అప్పుడే మార్పించండి, మళ్లీ ఆ ఇరుకులోకి చెయ్యి దూర్చడం ఎవరికీ సరదా కాదు. గేర్‌బాక్సు ఆయిల్, ఫిల్టరు అదే రోజు. ఫిల్టరు బిల్లులో రాయించుకోండి.

బల్లార్షా_రోడ్డు · చంద్రపూర్ జిల్లా

నేను హైదరాబాద్ బండి వదిలేశాను, రివర్స్‌లో వణికింది. మాన్యువల్ ఎవరికైనా కనిపిస్తే చెప్పండి, నాగ్‌పూర్ అయినా పర్వాలేదు.